తోడు

పదకొండో రోజు కూడా జ్వరం దిగలేదు.
కెజియా నాలుక మీద తెల్లటి పూత,
అంచులు మాత్రం ఎర్రగా,
మా యార్డులో తేజ రకం కాయలా.

నేను దాని నుదురు ముట్టుకోను.
పొద్దస్తమానం మిర్చి తొడిమలు తీసిన చేతులివి,
సబ్బుతో మూడుసార్లు తోమినా
మంట గోళ్ల కిందే కాపురముంటుంది.
మోచేత్తో చూస్తాను వేడి.
థర్మామీటరు నూట మూడంటుంది,
నా మోచెయ్యి ఇంకో అర కలుపుతుంది.

కొత్తపేటలో ఏ మెట్లెక్కినా ఆసుపత్రే.
డాక్టరమ్మ రక్తం రిపోర్టు చూసి
"టైఫాయిడ్. నీళ్లలోంచే వచ్చుంటుంది" అంది.
మా సందులో కుళాయి గొట్టం
మురుగుకాలవలో మునిగి లేస్తుందని
నేనామెకి చెప్పనే లేదు.

చేతికి సూది ఉంచి కట్టు కట్టారు.
పొద్దునొక ఇంజెక్షను, రాత్రొకటి.
నాలుగో రోజుకి వేడి దిగడం మొదలైంది,
కడుపు మాత్రం కట్టలు తెంచుకుంది.
రోజుకి ఎనిమిదిసార్లు
ఎత్తుకెళ్లడం, కడగడం, పడుకోబెట్టడం.
ఏడేళ్ల పిల్ల
ఎత్తుకుంటే నాలుగేళ్ల బరువు.

అప్పుడు రాసిందామె ఆ పొడి పొట్లాలు.
"ఇందులో ఏముందయ్యా?"
"బాక్టీరియా" అన్నాడు మందుల షాపతను, చిల్లర లెక్కపెడుతూ.
పొట్లం తిరిగి బల్ల మీద పెట్టేశాను.
చంపడానికొక బిల్లు,
పెంచడానికింకో బిల్లా?

సిస్టర్ మార్తమ్మ నవ్వలేదు.
"చేలో మందు కొడితే పురుగొక్కటే చస్తుందా?
తేనెటీగ కూడా రాలుతుందిగా.
ఈ ఇంజెక్షనూ అంతే,
కడుపులో మనవాళ్లెవరో పరాయివాళ్లెవరో దానికి తెలీదు.
ఈ పొడి మనవాళ్లని మళ్లీ పిలవడానికి.
రెంటికీ రెండు గంటల ఎడం ఉంచు, మర్చిపోకు.
జ్వరానికి మందు ఇది కాదు.
ఇంజెక్షను ఒక్కటి మానినా నేనూరుకోను.
ఇది దానికి తోడు, అంతే."
కాసేపాగి,
"కొందరికి కడుపు తొందరగా కుదురుతుంది,
కొందరికి తేడా తెలీదు" అంది.
ఆ చివరి మాటకే నాకు నమ్మకం కుదిరింది.

మూడ్రోజులకి ఎనిమిది కాస్తా రెండయింది.
పొడి వల్లో, రోజులు గడిచో,
ఎవర్నడగను?

"ఇక పెరుగన్నం పెట్టొచ్చు" అంది డాక్టరమ్మ.
ఇంట్లో మా అత్త ఆరోగ్యమ్మ గుమ్మానికడ్డం నిలబడింది.
"జ్వరం పడి లేచిన పిల్లకి పెరుగా?
రొమ్ము పట్టేస్తుంది. బ్రెడ్డు ముక్క పాలల్లో ముంచి పెట్టు."
యార్డు నుంచి బస్తాలు మోసొచ్చిన మా ఆయన
ఎటూ చెప్పక కాళ్లు కడుక్కున్నాడు.

రాత్రి పాలు కాచాను.
నా వేలికి గోరువెచ్చన తెలీదు, ఎప్పుడూ మంటే.
పోనీ తోడు వేద్దామంటే
గిన్నెలో చుక్క పెరుగు లేదు,
పక్కింటివాళ్లు దీపమార్పేశారు.

చీకట్లోంచి ఆరోగ్యమ్మ గొంతు:
"నీ కొంగులో లేవూ తొడిమలు?
తోడు దొరకని రోజుల్లో
నాలుగు మిరప తొడిమలు కడిగి పాలల్లో వేసేదాన్ని.
తెల్లారేసరికి గట్టిగా పేరుకునేది."
అటు తిరిగి పడుకుంటూ,
"నేను పెట్టమన్లేదు. ఎలా తోడేస్తారో చెప్పానంతే."

కొంగు దులిపాను.
రోజంతా తీసి పారేసి,
కిలోకింతని కూలి తీసుకునే తొడిమలు.
వాటిని పట్టుకుని ఏముంటుందో
ఆమెకీ తెలీదు, నాకూ తెలీదు.
నాలుగు వేశాను. మూత పెట్టాను.

"అమ్మా, అవి రాత్రిపూట నిద్రపోతాయా?"
"ఏవి?"
"పొట్లంలోవి. నా కడుపులోకెళ్లినవి."
"నువ్వు పడుకో, అవి పని చేసుకుంటాయి."

తెల్లారి గిన్నె పక్కకి వంచి చూశాను.
పెరుగు కదల్లేదు.
తొడిమలు ఏరేసి మూడు చెంచాలు కలిపాను.
రెండు తిని మూడోది వద్దంది,
ఆవకాయ కావాలంది.
ఆరోగ్యమ్మ మూడో చెంచా తనే తినేసింది.

కుళాయి దగ్గరికి ఇంకా ఎవరూ రాలేదు.
బిందెడు నీళ్లు పొయ్యి మీద మరుగుతున్నాయి.
ఇంకా ఐదు ఇంజెక్షన్లున్నాయి.